ఇరుసు విప్పి చూచినప్పుడు

విజయనగరమునుండి గజపతినగరము మీదుగా సాలూరు పోవు రాయపూరు రహదారిలో, గడచిన వేసవిలో ఒకనాటి ఉదయమున, మా బావగారు పార్వతీపురము ఏజెన్సీ దారులలో పాతికేండ్లు నడిపి నాకు అప్పగించిపోయిన పాత జీపు వెనుక ఇరుసునుండి ఒక సన్నని మూలుగు వినవచ్చెను. బండి వేగమందుకొనుకొలది ఆ మూలుగు స్థాయి పెరిగి, ఆక్సిలరేటరు మీదినుండి కాలు తీయగానే గొంతు మారి, దారి మలుపు తిరిగినను తిరుగకున్నను విడువక వెంటవచ్చుచుండెను. పట్టణములోని ఒక షెడ్డులో చూపగా, అచటివారు చక్రమైనను ఊడదీయకుండ, ఇరుసు మూతయైనను తెరువకుండ, ఇరుసు మొత్తము మార్చవలెనని చెప్పి, జీపు వెలలో మూడవవంతునకు మించిన అంచనా కాగితము చేతికిచ్చిరి.

ఆ కాగితమును చూచినప్పుడు రూపాయలను గూర్చిన చింతకంటె వేరొక చింత నన్ను గట్టిగా పట్టుకొన్నది. 34 ఏండ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పి, యంత్రముల బొమ్మలు నల్లబల్లపై ఎన్నియో గీసి, నిద్రలో లేపి యడిగినను భ్రమణబలమునకు నిర్వచనము చెప్పగల నేను, నా ఇంటి ముంగిట నిలిచియున్న బండి ఇరుసులో ఏమున్నదో ఒక్కనాడును కంటితో చూచి యెరుగను. చదివినవాడు చేయి పెట్టడు. చేయి పెట్టినవానికి చదువు అందలేదు. ఈ ఇద్దరి నడుమ మన సంఘము తరతరములుగా కట్టుకొన్న గోడయే ఆ అంచనా కాగితమై నా యెదుట నిలిచినట్లు తోచెను. ఆ గోడను కొంతవరకైనను పడగొట్టుట సామాన్య గృహస్థునకు సాధ్యమేయనియు, అందులకు ప్రభుత్వము చేయవలసిన సాయము మిక్కిలి స్వల్పమనియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అసలు వెనుక ఇరుసు నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియుండు ఆ ఇనుప గుల్లలో జరుగు పని యేమి? నాటుబండిలో ఇరుసు కదలదు. చక్రములు రెండును దానిపై వేటికవి తిరుగును. ఎద్దులు లాగునది బండినే గాని చక్రములను కాదు. కావున మలుపులో ఒక చక్రము వడిగా, వేరొకటి నెమ్మదిగా తిరిగినను బండివానికి చిక్కులేదు. మోటారుబండిలో నట్లు గాదు. ఇంజను బలము చక్రములకే అందవలెను. చక్రములే నేలను వెనుకకు త్రోసి బండిని ముందునకు నడుపవలెను. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో తిన్నని దారిలో బాగుగనే యుండును గాని, మలుపు వచ్చుసరికి కలహము పుట్టును. నాలుగడుగుల ఎడముతోనున్న రెండు చక్రములు సందుమూలలో పూర్తిగా ఒక పక్కకు తిరిగినప్పుడు, ఆ మలుపు పెద్దదైనను చిన్నదైనను, బయటి చక్రము లోపలి చక్రముకంటె ఆరడుగులకు పైగా అధికదూరము నడువక తప్పదు. ఆ ఆరడుగుల లెక్క సరిపడక టైరు నేలను గీసికొని అరుగును, లేదా ఇరుసు విరుగును.

ఈ చిక్కును తీర్చునదే డిఫరెన్షియల్. ఇంజను నుండి వచ్చు కడ్డీ చివరనున్న చిన్న పినియను, దానికంటె ఎన్నో రెట్లు పెద్దదైన క్రౌను చక్రమును త్రిప్పును. క్రౌనుకు బిగించిన గూటిలో చిన్నచిన్న పండ్ల చక్రములు కొన్ని, ఇరువైపుల యాక్సిల్ షాఫ్టుల చివరలను పట్టుకొనియుండును. బండి తిన్నగా పోవునప్పుడు ఆ చిన్న చక్రములు తమలో తాము కదలక గూటితోపాటు తిరుగును. మలుపులో అవి తమ ఇరుసులపై మెల్లగా దొర్లి, లోపలి చక్రము తగ్గించుకొన్న వేగమును సరిగ్గా అంతే కొలతతో బయటి చక్రమునకు చేర్చును. ఒకదానికి తగ్గినంతయు వేరొకదానికి పెరుగును. రెండింటి మొత్తము మారదు. వెనుక చక్రములు రెండింటిని నేలనుండి పైకెత్తి, బండిని గేరులోనుంచి, ఒక చక్రమును ముందునకు త్రిప్పినచో రెండవది వెనుకకు తిరుగును. ఎనిమిదేండ్ల మా మనుమడు దీనిని చూచి, కుడి చక్రము త్రిప్పుట, ఎడమవైపునకు పరుగెత్తి చూచుట, మరల వచ్చి త్రిప్పుట ఒక గంట సేపు మానలేదు. నేను నల్లబల్లపై వారము దినములు చెప్పినను ఆ విద్య వానికి అంత చక్కగా అబ్బియుండదు.

అరసవల్లి సూర్యనారాయణమూర్తి రథమునకు చక్రమొక్కటేయని పురాణములు చెప్పుచున్నవి. ఏకచక్ర రథమునకు ఈ కలహము లేదు. రెండు చక్రములపై నడుచు మానవుని బండికి మాత్రము ఈ సమాధానము కావలసివచ్చెను. దీనిని ఆవిరిబండికై అమర్చి 1827లో హక్కుపత్రము పొందినవాడు ఫ్రాన్సు దేశపు ఒనెసిఫోర్ పెక్కర్. అతడు గడియారములు చేయువాడు. వేళ్ల కొనలతో సన్నని పండ్ల చక్రములను కూర్చి నేర్చిన చేతినుండియే ఈ మహోపకారము లోకమునకు లభించెనని గ్రహించినప్పుడు, చేతిపనికిని శాస్త్రమునకును దూరమెంతయో మనకు తెలియగలదు. తరువాత దాదాపు నూరేండ్లకు, 1926లో, అమెరికాలోని ప్యాకార్డు సంస్థ పినియనును క్రౌను నడిమిరేఖకు క్రిందుగా దించిన హైపాయిడు పండ్లను తన కార్లలో ప్రవేశపెట్టెను. నేడు విద్యుత్తుతో నడుచు కార్లలోను, ఒకే మోటారు రెండు చక్రములను త్రిప్పుచోట నెల్ల, ఈ డిఫరెన్షియలే యున్నది. ఇంజను మారినను, ఇంధనము మారినను, మలుపు మారలేదు గదా!

ఇక నా పని సంగతి. మా వీధి చివర చిన్న షెడ్డు నడుపుకొను మేస్త్రి ఒకరు, నా కోరిక విని కొంచెము సేపు ఆలోచించి, “మాస్టారూ, ఇది తమరే ఇప్పండి. నాను పక్కన కూకుంటాను. తమరి సెయ్యి తిరగాల,” అనెను. ఆ ఒక్క మాటతో ఆయన నాకు గురువాయెను. నాలుగు ఆదివారములు, నడుమ కొన్ని సాయంకాలములు మా పెరటి సిమెంటు చపటాయే మాకు కార్యశాల. ముందు చక్రములకు దుంగలు అడ్డుపెట్టి, వెనుక భాగమును జాకీతో ఎత్తి, ఛాసిస్ క్రింద ఇనుప స్టాండ్లు నిలిపిన పిమ్మటగాని ఆయన నన్ను బండి క్రిందికి పోనీయలేదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదన్నది ఆయన మొదటి పాఠము. ఇంట పని చేయదలచు ప్రతివారును గోడమీద వ్రాసికొనవలసిన వాక్యమది.

క్రింది బిరడా విప్పి నూనెను బేసినులోనికి దింపగా, అది నల్లబడి, గంధకపు వాసన కొట్టుచు, వెలుగులో వెండి పొడి కలిపినట్లు మెరసెను. అయస్కాంతము ముంచి తీసినచో దాని కొనకు సన్నని ఉక్కు రజను మీసమువలె అంటెను. హైపాయిడు పండ్లు ఒకదానిమీద నొకటి దొర్లుటయే గాక జారుచుండును గనుక వానికి మామూలు నూనె పొర చాలదు. గంధకము, భాస్వరము కలిసిన ప్రత్యేకమైన గేరు నూనెయే కావలయును. సీలు అరిగి నూనె కారిపోవుచుండగా, ఎవరో ఎప్పుడో చేతికందిన నూనె పోసినట్లున్నది. రోగమునకు మూలము అచటనే దొరకెను.

పుల్లరుతో హబ్బులు లాగి, యాక్సిల్ షాఫ్టులు వెలికి దీసి, ప్రొపెల్లర్ షాఫ్టు విడదీసి, వెనుక మూతకున్న పది బోల్టులు విప్పగా, పదునెనిమిదవ శతాబ్దపు గడియారము లోపలివలె గంభీరముగా క్రౌను చక్రము కనబడెను. క్రౌను గూటిని పట్టియుంచు బేరింగు క్యాపులు రెండింటిపై పంచితో ఒకదానికి ఒక చుక్క, వేరొకదానికి రెండు చుక్కలు కొట్టించి, “క్యాపులు కలిసిపోనాయంటే బేరింగు తిన్నగ కూకోదు మాస్టారూ,” అని మేస్త్రి హెచ్చరించెను. ఫ్యాక్టరీలో ఆ క్యాపులను బిగించియుంచియే గుండ్రముగా తొలుతురు గనుక, ఏ వైపుది ఆ వైపుననే, తలక్రిందు కాకుండ, మరల కూర్చుండవలెను. ఈ సూక్ష్మము ఏ పాఠ్యపుస్తకములోను నేను చదివినది కాదు.

కిరసనాయిలులో కడిగి ఎండలో నుంచి చూడగా, క్రౌను పండ్లుగాని పినియను పండ్లుగాని చెక్కుచెదరలేదు. పినియను లోపలి బేరింగు, గూటి బేరింగులలో ఒకటి మాత్రము మశూచి మచ్చలవలె గుంటలుపడి యుండెను. ఇరుసు మొత్తము మార్చవలెనన్న తీర్పునకు కారణమైన రోగము అరచేతిలో నిముడు రెండు బేరింగులు, ఒక సీలు! నాలుగు బేరింగులను క్రొత్తవి కొని వేయుటకు నిశ్చయించితిమి. పండ్లను లెక్కింపగా క్రౌనునకు 43, పినియనునకు 8. ఈ రెండంకెలకును ఒకటి తప్ప ఉమ్మడి భాజకము లేదు. అందువలన పినియను 43 చుట్లు తిరుగులోపల, దాని ప్రతి పన్నును క్రౌనులోని ప్రతి పంటితోను ఒక్కొక్క పర్యాయము తప్పక కలియును. ఏ రెండు పండ్లును ఎల్లకాలము ఒండొంటినే రాచుకొని చెడవు. తరగతిలో గరిష్ఠ సామాన్య భాజకమును గూర్చి “ఇది ఎందుకు పనికివచ్చును మాస్టారూ?” అని అడిగిన పిల్లలందరును నాకు ఆ మధ్యాహ్నము జ్ఞాపకమునకు వచ్చిరి. వారికి నేనియ్యలేకపోయిన ప్రత్యుత్తరము నా చేతిలో నూనె కారుచు ఉండెను.

పనిలో అసలు కష్టము బిగింపులో నున్నది. పినియను క్రౌనులోనికి ఎంత లోతుగా చొచ్చవలెను, పండ్ల నడుమ ఎంత ఆట యుండవలెను అన్నది థౌలలో, అనగా అంగుళములో వేయవ భాగములలో, లెక్క. ఇట్టి ఇరుసులలో ఆట అయిదారు థౌల చుట్టుపట్ల నుండవలెను. అంతకు తగ్గినచో పండ్లు వేడెక్కి పట్టుకొనును, మిగుల పెరిగినచో గేరు మార్చినప్పుడెల్ల దెబ్బ వినబడును. దీనిని సరిచేయుటకు బేరింగుల వెనుక కాగితముకంటె పలుచనైన ఉక్కు షిమ్ములు చేర్చుటయు తీయుటయు తప్ప మార్గము లేదు. ప్రతి మార్పునకును క్రొత్త బేరింగును లాగి మరల కొట్టినచో అది చెడునని, మేస్త్రి తన పెట్టెలోనుండి లోపలి రంధ్రము కొంచెము సాగదీసిన బేరింగులను తెచ్చియిచ్చెను; అవి చేతితో నెక్కును, చేతితో దిగును; కొలత కుదిరిన పిమ్మటనే క్రొత్తవి. ఇరువది యేండ్ల అనుభవము ఆ ఇనుప వలయములలో నున్నది. మొదటి కూర్పులో డయల్ గేజి ముల్లు పదునాలుగు థౌలు చూపెను. క్రౌను వైపు షిమ్ములు చేర్చి, అవతలివైపు అంతే తీసి, క్రౌనును పినియను దగ్గరకు జరిపితిమి. మూడవ పర్యాయమున ముల్లు ఆరు వద్ద నిలిచెను.

పండ్లు సరిగా కలియుచున్నవో లేదో గేజి చెప్పజాలదు. దానిని పండ్లనే యడుగవలెను. సిందూరమును నూనెలో కలిపి క్రౌను పండ్లకు పలుచగా పూసి, పినియనును చేతితో త్రిప్పి, ముద్ర ఎచ్చట పడునో చూడవలెను. “తాతయ్యా, ఆంజనేయస్వామికి పూసినట్టుంది,” అని మా మనుమడు మురిసిపోయెను. సిందూరము సీసము కలిసినది గనుక వానిని ముట్టనీయలేదు. మొదటిసారి ముద్ర పంటి కొసన బడెను: పినియను దూరముగానున్నది. షిమ్ము చేర్చితిమి, ముద్ర పంటి మొదలునకు దిగెను: మితిమీరి లోపలికి పోయినది. అందులో సగము తీసితిమి. ఈ పర్యాయము త్రిప్పి చూచుసరికి, ప్రతి పంటి నడుమను వరిగింజ ఆకారమున, అంచులు తాకకుండ, ఎర్రని సిందూరము చెరగిన చోట ఉక్కు తెల్లగా మెరసెను. మేస్త్రి ఏమియు మాటలాడక బీడీ ముట్టించుకొనెను. ఆ మౌనముకంటె మించిన యోగ్యతాపత్రము నా ఉద్యోగ జీవితములో నేను పొందియుండలేదు.

క్రొత్త బేరింగులను వేడి నూనెలో నుంచి ఎక్కించుట, పినియను త్రిప్పుటకు పట్టు బలమును త్రాటికి కట్టిన స్ప్రింగు త్రాసుతో కొలుచుట, ఆయన షెడ్డులోని ప్రెస్సు మీద చేసిన పనులు, వీనినెల్ల వివరింపబోను. బండి నేలకు దిగిన ఆదివారము రామభద్రపురము వరకు పోయి వచ్చితిని. మూలుగు లేదు. మేస్త్రి కాలమునకును, ప్రెస్సు పనికిని ఆయన అడిగిన కూలి చెల్లించి, బేరింగుల వెల, నూనె వెల కలుపుకొని చూడగా, ఆ అంచనా కాగితములోని మొత్తమునకు ఆరవవంతైనను కాలేదు.

ఈ పనితనము మనకు క్రొత్తది కాదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేయువాడు, 24 మెట్లను మైనములో నొక్కుచు, చెవితో విని, వెంట్రుకవాసి జరిపి, మరల విని స్థానము నిర్ణయించును. పొందూరు వనితలు వాలుగ చేప దవడ యెముకతో ప్రత్తిని దువ్వి, కంటికి ఆనని సన్ననూలు వడకుదురు. బుడితిలో కంచును ఇత్తడిని కరగించి పోసినవారి పాత్రలు నేటికిని గృహములలో మ్రోగుచున్నవి. సాలూరు పట్టణము లారీలకును, వానిని విప్పి బిగించు షెడ్లకును పేరుబొందినది. ఒడిశా కొండలెక్కు లారీకి ఘాటీ క్రింద ఆఖరి వైద్యశాల అది. పెక్కర్ గడియారపు బల్లమీద నేర్చినదియు, గొల్లపల్లిలో మైనము మీద నేర్చుచున్నదియు, సాలూరు షెడ్డులో నేర్చుచున్నదియు ఒకే విద్య: వినుట, కొలుచుట, వెంట్రుకవాసి జరుపుట, మరల వినుట. అయినను వీణకు సభలో పీటవేసి, బేరింగును ఇంటి గడపకూడ దాటనీయకుండుట మన చదువులోని లోపము.

చేతితో విప్పి చూచుటవలన మనిషి ఎంత దూరము పోగలడో చెప్పుటకు మన భాష మాటలాడిన ఒకరి కథ చాలును. కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామములో, తెలుగు కుటుంబమున, 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారికి బడిచదువు మూడు నాళ్ల ముచ్చటయే. యౌవనములో ఒక ఆంగ్లేయ అధికారి నడుపు రడ్జి మోటారుసైకిలును చూచి మనసు పారవేసికొని, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, ఇంటికి తెచ్చి, భాగము భాగముగా విప్పి, మరల కూర్చి, యంత్రవిద్యను తనకు తానే నేర్చుకొనిరి. 1920లో పొల్లాచ్చి, పళని నడుమ ఒక బస్సు నడుప మొదలిడి, ఆ ఒక్క బస్సును గొప్ప రవాణా సంస్థగా పెంచిరి. 1937లో భారతదేశమున తొలి విద్యుత్ మోటారు తయారైనది వారి పూనికవలననే. 1945లో కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయములు నెలకొనుటకు కారకులును వారే. ఈ చరిత్రయంతటికిని మొదటి పుట ఒక ఇంటి వసారాలో పరచిన మోటారుసైకిలు భాగములే. అట్టి వసారాలు శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము మన్యము జిల్లాలలో వేలకొలది కలవు. వానిలో పిల్లలను ఇనుము ముట్టుకొననిచ్చు పెద్దలే కరవు.

“ఇట్లు అందరును తమ బండ్లు తామే బాగుచేసికొన్నచో మేస్త్రుల కూడు పోదా?” అని మిత్రులొకరు అడిగిరి. నా అనుభవము వేరు. మేస్త్రికి నష్టము కలిగించునది తెలిసిన గిరాకీదారు కాదు. తెలియనివాని భయమును ఆసరాగా చేసికొని మొత్తము భాగమునే మార్పించు పద్ధతి. విప్పి చూచినవాడు మేస్త్రి నేర్పునకు విలువ తెలిసి కూలి యిచ్చును. మరియొకరు ప్రమాదమును గూర్చి చెప్పిరి. నిజమే, బ్రేకులు, స్టీరింగు, చక్రపు బిగింపు ప్రాణముతో కూడినవి, తెలిసినవాడు పక్కననుండగా గాని ఇంట తొలి ప్రయత్నము చేయదగదు, చేసిన పిదప వానిచేత సరిచూపించుకొననిదే బండి దారి యెక్కదగదు. కాని ఈ మాట గురువు కావలెననుటకు సాక్ష్యమే గాని, విద్య వద్దనుటకు కాదు.

ఈ వాదము ఒక్క జీపునకు సంబంధించినది కాదు. పాలకొండ, చీపురుపల్లి ప్రాంతముల రైతు దమ్ము చేలో ట్రాక్టరు దింపినప్పుడు, ఒక చక్రము బురదలో గిర్రున తిరుగుచు రెండవది కదలక నిలుచుట చూచుచునే యున్నాడు. డిఫరెన్షియల్ గుణమే అది. పట్టు లేని చక్రము ఎంత తక్కువ బలమునకు లొంగునో, గట్టి నేలపైనున్న చక్రమునకును అంతే బలమందును. డిఫరెన్షియల్‌ను కట్టివేయు తాళపు పెడలు ట్రాక్టరుకు కలదు. దానిని ఎప్పుడు తొక్కవలెనో, గట్టి నేలపై మలుపులో తొక్కినచో పండ్లేమగునో లోపలిది చూచిన రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. చూడని రైతు ఆ అజ్ఞానమునకు సీజను నడుమ వేలు చెల్లించును.

చట్టము ఈ వైపునకు కొంత కదలినది. స్వతంత్ర మరమ్మతుదారులకు విడిభాగములు, పరీక్షించు పరికరములు, సాంకేతిక సమాచారము అందనీయకుండుట పోటీకి విరుద్ధమని, 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల తయారీ సంస్థలకు రూ. 2,544.65 కోట్ల జరిమానా విధించెను. దానిపై అప్పీళ్లును నడచినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కునకై ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములను, మోటారు వాహనములను అందు చేర్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 24న ఒక పోర్టలును తెరచెను. ఇవి మంచి అడుగులు. కాని విడిభాగము దొరకినంత మాత్రమున హక్కు చేతికి వచ్చినట్లు కాదు. ఆ భాగమును ఎట్లు బిగించవలెనో, ఎంత ఆట యుంచవలెనో, ఏ నూనె పోయవలెనో వ్రాసిన పుస్తకము ఆంగ్లములో నున్నచో, మా మేస్త్రికి అది మూసిన తలుపే. ఆయన చేతిలో విద్య కలదు; పుస్తకములో అంకెలు కలవు; రెండింటికి నడుమ భాష అడ్డుపడుచున్నది.

శ్రీకాకుళము జిల్లా పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వేంకట రామమూర్తిగారు, జనము మాటలాడు భాషలో చదువు చెప్పనిదే చదువు జనమునకు చెందదని జీవితమంతయు పోరాడిరి. కొండలలోని సవరల భాషను తామే నేర్చి, వారి పిల్లలకు వారి మాటలో పాఠములు వ్రాసిరి. ఈ వ్యాసకర్త పెరిగిన కాలపు వాసన చేత వాక్యము కొంత పాతబాణీలో నడచుచున్నను, యంత్రపు పుస్తకము మాత్రము గిడుగువారు చెప్పిన మార్గముననే యుండవలెనని నా దృఢాభిప్రాయము. క్రౌను, పినియను, బేరింగు, సీలు, షిమ్ము, ప్లే అను మాటలకు సంస్కృత సమాసములు కల్పింపనక్కరలేదు. ఆ మాటలు సాలూరు షెడ్లలో ఏనాడో తెలుగైనవి. వానిని ఉన్నవున్నట్లు గ్రహించి, కొలతల పట్టికలు, బొమ్మలు చేర్చి, మేస్త్రి చదువగల పుస్తకము నొకదానిని వ్రాయించుట మన పాలిటెక్నిక్ అధ్యాపకులకు అసాధ్యమా?

నా మనవి మూడు మాటలలో ముగించెదను. మన మూడు జిల్లాల ప్రభుత్వ ఐటీఐలలోను, పాలిటెక్నిక్‌లలోను ప్రెస్సులు, లేతులు, డయల్ గేజులు, వర్క్‌షాపులు ప్రజల సొమ్ముతోనే అమర్చబడియున్నవి. వానిని ఆదివారము పూట, స్వల్పమైన రుసుముపై, పౌరులకు తెరువవలెను; రైతు తన ట్రాక్టరు భాగమును, గృహిణి తన స్కూటరును, విద్యార్థి తన సైకిలును అచటికి తెచ్చి, నేర్పరి చెంత విప్పి చూచుటకు వీలు కల్పింపవలెను. అచట ఉపాధ్యాయులుగా షెడ్లలో పండిన మేస్త్రులను, గౌరవప్రదమైన వేతనముతో, మాస్టారు అను పిలుపుతో నియమింపవలెను. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, తెలుగులో అచ్చొత్తించి, పంచాయతీ గ్రంథాలయములకు పంపవలెను. క్రొత్త భవనము కట్టనక్కరలేదు, క్రొత్త శాఖ పెట్టనక్కరలేదు.

ప్రభుత్వము చేయులోపల పాఠకులు చేయదగినది ఒకటి కలదు. మీ ఇంటి బండి ఈసారి షెడ్డుకు పోయినప్పుడు, టీకొట్టు వద్ద ఫోను చూచుచు కూర్చుండక, బిడ్డను వెంటబెట్టుకొనిపోయి మేస్త్రి పక్కన నిలువుడు. విప్పిన భాగము పేరు, అది అరిగిన కారణము అడుగుడు. ఆయన తప్పక చెప్పును. అడుగువారు లేకనే ఇంతకాలము చెప్పలేదు. ఇక ఐటీఐ వర్క్‌షాపుల సంగతికి వచ్చినచో, ఆదివారములందు వాని తలుపులకు తాళములున్నవి. ఆ తాళములు తీయుటకు ఒక్క ఉత్తరువు చాలును.